అక్క పేరు మీద వచ్చే జవాబు

మా అక్క పోయిన తర్వాత కూడా కొంతకాలం జనానికి జవాబులు ఇస్తూనే ఉంది. దయ్యాల కథ చెబుతున్నాననుకోకండి. నాకు వాటి మీద నమ్మకం లేదు, ఉంటే బాగుండునని మాత్రం ఈ మధ్య అనిపిస్తోంది. నేను చెబుతున్నది ఈమెయిల్ సంగతి. ఆ జవాబును ఆపాల్సిన మనిషిని నేనే. ఆపడానికి చేతులు రాక పడిన అవస్థ ఇది.

అక్కకి ఉదయగిరిలో నెట్ సెంటర్ ఉండేది. బస్టాండు దాటి కాస్త ఎగువకి వెళితే, కొండ ఎదురుగా కనిపించే వరసలో ఒక చిన్న షట్టరు. ఒక జిరాక్సు మెషీను, ఒక స్కానరు, రెండు కంప్యూటర్లు, ఫోటోలు తీయడానికి గోడకి కట్టిన నీలం గుడ్డ. అంతే ఆస్తి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, సరే చేసుకుంటా, షాపు రోజూ మీరొచ్చి తీస్తారా అని అడిగేది. అడిగినవాళ్ళు మళ్ళీ ఎత్తేవాళ్ళు కాదు. నాయన మా చిన్నప్పుడే పోయాడు, అమ్మ అక్క దగ్గరే ఉండేది. నేను పెళ్ళై ఆత్మకూరు వచ్చి ఇక్కడే ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను. అక్కా నేనూ ఫోన్లో తక్కువ మాట్లాడుకునేవాళ్ళం. ఇద్దరికీ పొద్దస్తమానం ఎదురుగా కంప్యూటర్లే కాబట్టి పోట్లాట కూడా మెయిల్లోనే. మధ్యాహ్నం ఏం తిన్నావని నేను రాస్తే, నీకెందుకు, పని చూసుకో అని అటునుంచి వచ్చేది. అలా రాసిందంటే ఏమీ తినలేదని అర్థం.

ఆ పోట్లాటల్లో పెద్దది ఒకటే. అక్క అందరి అప్లికేషన్లకీ తన మెయిల్ ఐడీయే పెట్టేది. మొదట్లో అలా చేయలేదు పాపం. వచ్చిన ప్రతి మనిషికీ కొత్త ఐడీ చేసి, పాస్‌వర్డు కాగితం మీద రాసి చేతిలో పెట్టేది. వాళ్ళు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, చొక్కా ఉతుక్కుని, మళ్ళీ షాపుకి వచ్చేవాళ్ళు. కొందరైతే పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని అక్క అన్నందుకు అక్కకి కూడా చెప్పకుండా ఊరుకుని, చివరికి తామే మర్చిపోయారు. దాంతో విసుగెత్తి, ఐడీ అని ఉన్న ప్రతి గడిలోనూ తనదే కొట్టడం మొదలుపెట్టింది. నర్సింగు సీట్లు, పోలీసు సెలక్షన్లు, గ్యాసు కనెక్షన్లు, పొలం పాసుపుస్తకాలు, ఎవరి కబురైనా ఆమె మెయిల్ పెట్టెలోకే వచ్చేది. వరికుంటపాడు పల్లెల నుంచి కలిగిరి దాకా బోలెడంత మందికి కంప్యూటర్ లోకంలో చిరునామా అంటే మా అక్కే. పైగా స్కాన్ చేసిన ప్రతి కాగితాన్నీ తనకు తానే మెయిల్ చేసుకుని దాచేది. ఇళ్ళు కారతాయి, చెదలు పడతాయి, నా దగ్గరుంటే ఎక్కడికీ పోవని ఆమె లెక్క.

ఇది పద్ధతి కాదని నేను గొడవ పెట్టుకున్నాను. ఒకరి కబుర్లు ఒకరి పెట్టెలోకి రావడం ఏమిటి, ప్రైవసీ అనేది ఒకటి ఉంటుంది కదా అని పెద్ద చదువుకున్నదానిలా రాశాను. ఆ రోజు మాత్రం మెయిల్ పెట్టకుండా ఫోనే చేసింది.

"ప్రైవసీ అంటే ఏంది మే? షాపుకొచ్చిన పిల్లకి సీటు రావాలా, ప్రైవసీ రావాలా?"

ఆ మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

కడుపులో నొప్పి అని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మాత్రలు మింగుతూ షాపులో కూర్చుంది. ఇక కూర్చోలేక ఒక రోజు టెస్టులు చేయించుకుని వస్తానని నెల్లూరు బయల్దేరింది, నేను ఆత్మకూరులో అదే బస్సెక్కాను. దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉంది, లావయ్యావని, సీటు మొత్తం నీకే సరిపోయిందని. జబ్బు లోపల ఎప్పటినుంచో ముదిరిపోయిందని అక్కడ తేలింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. కొన్ని రోజులకే పోయింది. నాకు అక్క మీద కోపం అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. ఊరందరి కాగితాలకీ దిక్కు తానే అనుకున్న మనిషి, తన ఒంటి సంగతి పక్కింటివాళ్ళదన్నట్టు వదిలేసింది.

కర్మలయ్యాక షాపు ఖాళీ చేశాం. జిరాక్సు మెషీను, స్కానరు, ఒక కంప్యూటరు ఎవరో తీసుకున్నారు. అక్క కూర్చునే కంప్యూటర్ని మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. అది, అమ్మ, ఒక బట్టల మూట, ముగ్గురూ ఒకే ఆటోలో ఆత్మకూరు మా ఇంటికి వచ్చారు. కంప్యూటర్ని ముందు గదిలో బల్ల మీద పెట్టాం. అమ్మ దాని ఎదురుగానే చాప వేసుకుంది.

అక్క ఫోన్ నా దగ్గరే పెట్టుకుని రోజూ చార్జింగ్ పెట్టేదాన్ని. దాంట్లో రెండు రకాల గోలలు వచ్చేవి. ఒకటి, పెట్టె నిండిపోవచ్చింది, ఖాళీ చేయకపోతే కొత్త మెయిళ్ళు ఆగిపోతాయని హెచ్చరిక. రెండు, కాగితాల కోసం జనం. ఉదయగిరిలో ఉన్నవాళ్ళకి అక్క పోయిన సంగతి తెలుసు, వాళ్ళు ముందు ఏడ్చి తర్వాత కాగితం అడిగేవాళ్ళు. తప్పేముంది, వాళ్ళ అవసరం వాళ్ళది. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. అక్క అకౌంటును ఈ కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాములో పెట్టి, పాత మెయిళ్ళన్నీ ఇక్కడి ఫోల్డర్లలోకి దించుకుని, అవి సరిగ్గా దిగాయని చూసుకున్నాక అక్కడ పైన, అంటే మెయిల్ కంపెనీ సర్వర్లో, ఖాళీ చేయాలని నా ఆలోచన. ఆఫీసులో ఎన్నోసార్లు చేసిన పనే. నా అకౌంటు ముందే పెట్టేశాను. రెండోదిగా అక్కది మొదలుపెట్టాను.

మొదటి గడి దగ్గరే ఆగిపోయాను. మీ పేరు, అని అడిగింది. ఇక్కడ ఏ పేరు కొడితే, ఈ అకౌంటు నుంచి వెళ్ళే ప్రతి మెయిల్ మీదా ఆ పేరే కనపడుతుంది. నా పేరు పెడితే జనం ఎవరీమె అని భయపడతారు, సర్టిఫికెట్లు పోయాయనుకుంటారు. అలా అని నాకు నేను చెప్పుకుని అక్క పేరు కొట్టాను. నిజం వేరే. ఆ పేరును కొట్టాలని నా వేళ్ళకే ఉంది. పాస్‌వర్డు నాకు తెలుసు, నాకే కాదు, ఒకసారి అక్క బస్సులో నిలబడి ఫోన్లో గట్టిగా చెప్పింది కాబట్టి ఆ రోజు ఆ బస్సులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అక్క ఫోన్‌కి కోడ్ వచ్చింది, కొట్టాను. మెయిళ్ళు సర్వర్లోనే ఉంచి ఇక్కడ చూపించాలా, లేక మొత్తం ఇక్కడికి దింపేయాలా అని అడిగితే, ముందు చూపించమన్నాను. తెర ఎడమ పక్కన నా పేరు, దాని కింద అక్క పేరు వచ్చి నిలబడ్డాయి.

ఆ తర్వాత అక్క ఫోల్డర్లు ఒక్కొక్కటీ దిగడం మొదలైంది. ముందు ఊళ్ళు. కలిగిరి, జలదంకి, వరికుంటపాడు, ఇంకా చిన్నా చితకా పల్లెలు. ఊరి లోపల మనుషులు. మనుషులకి పేర్లుంటే నా పని సులువయ్యేది, అక్క పేర్లు పెడితేగా? బోరు పడనాయన. మాట తక్కువామె. కవలల తల్లి. తిట్టిపోయినాయన. తెల్ల గేదె వాళ్ళు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ లెక్కన ఫోన్ చేసి కాగితం అడిగే మనిషిది ఏ ఫోల్డరో నేను ఎలా కనుక్కోవాలి? విసుక్కుంటూ పైకి చదివాను.

అమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అమ్మకి చదువు రాదు. తిట్టిపోయినాయన అని నేను చదవగానే, తల ఎత్తకుండానే, ఆయన దుత్తలూరు రోడ్డులో టైర్ల షాపాయన అంది. ఫోటోలో తన బట్టతల కనపడిందని అక్కని తిట్టి పోయాడట, సాయంత్రానికి మళ్ళీ వచ్చి అదే ఫోటో తీసుకున్నాడట. తెల్ల గేదె వాళ్ళంటే ఎవరో, మాట తక్కువామె ఎందుకు మాట్లాడదో, అన్నీ చెప్పింది. అక్క రాత్రి అన్నం తింటూ రోజూ అమ్మకి షాపు కబుర్లన్నీ చెప్పేదని నాకు అప్పుడే తెలిసింది. నేను చదవడం, అమ్మ చెప్పడం, సాయంత్రం దాకా అదే పని. అక్క పోయిన తర్వాత అమ్మ నవ్వడం ఆ రోజే చూశాను. చింతపండు అలాగే ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

అకౌంటు పెట్టాక అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒక మెయిల్ పంపి చూడటం నాకు అలవాటు. నా అకౌంటు నుంచి అక్కకి ఒకటి పంపాను. టెస్ట్ అని ఒక్క ముక్క, అంతే. కింద అక్క పెట్టెలో అది వచ్చి పడింది. సరే పనిచేస్తోంది అనుకుని లేవబోయాను. అప్పుడు నా పెట్టెలో టింగుమంది.

అక్క పేరు. నల్లటి లావు అక్షరాల్లో, ఇంకా చదవని మెయిల్‌కి ఉన్నట్టు. తెరిచాను.

"ఈరోజు షాపు తీయలేదు. నెల్లూరు పోతా ఉండా. రేపొచ్చి చూస్తా. తొందరపడమాకండి, నేనుండా గదా."

మళ్ళీ మళ్ళీ చదివాను. తర్వాత బుర్ర పనిచేసింది. నెల్లూరు బయల్దేరే ముందు షాపులో కూర్చుని, మెయిల్ రాసినవాళ్ళకి దానంతటదే వెళ్ళే జవాబు పెట్టి వచ్చింది. ఒక్కరోజుకే కదా అని పెట్టింది. ఆ జవాబు కోసం మెయిల్ ప్రోగ్రామంతా వెతికాను. సెట్టింగుల్లో లేదు, రూల్సులో లేదు, పంపినవాటిలో లేదు. అది ఈ కంప్యూటర్లో ఉండేది కాదు, ఎక్కడో సర్వర్లో ఉండేది. నేను దీన్ని ఆపేసి ప్లగ్ పీకినా అది ఇస్తూనే ఉంటుంది. బ్రౌజర్లో అక్క అకౌంటు తెరిచి సెట్టింగుల్లోకి పోతే అక్కడ కనపడింది. ఏ రోజు నుంచి మొదలు అనే గడిలో ఆమె నెల్లూరు బయల్దేరిన తేదీ ఉంది. ఏ రోజుతో ముగింపు అనే గడి ఖాళీగా ఉంది. తిరిగొచ్చి తానే చేత్తో ఆపుకోవచ్చులే అనుకుని ఉంటుంది.

ఆ కిందే ఆపడానికి బటను. ఒక్క నొక్కు. అక్కడికి వెళ్ళి, పేజీ మూసేసి వచ్చాను.

ఆపాలని నాకు తెలుసు. రాసిన ప్రతి మనిషికీ రేపొస్తానని చెబుతోంది అది, ఆమె ఎప్పటికీ రాదు. పాపం ఎవరో ఎక్కడో నిజంగా రేపటి కోసం కాచుకుని ఉంటారు. అన్నీ తెలుసు. కానీ అది అక్క మాట. ఫోన్లో ఫోటోలున్నాయి, పాత మెయిళ్ళున్నాయి, అవన్నీ అయిపోయినవి. ఇది మాత్రం నేను అడిగితే ఈ క్షణంలో వచ్చే మాట. నేను ఆపిన మరుక్షణం మా అక్క ఇక ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ పని నా చేత్తో చేయమంటే ఎలా చేయను?

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ రాశాను. అక్కా, అమ్మ మోకాలికి రాసే నూనె ఏ షాపులో తెచ్చేదానివి అని. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రాలేదు. నిజంగా పోయినప్పుడు ఎంత దిగులు పడ్డానో అంత దిగులు పడ్డాను. తర్వాత చదివితే తెలిసింది, ఒకే మనిషికి అది వెంటవెంటనే జవాబివ్వదట, కొన్ని రోజులు గడిస్తే గానీ మళ్ళీ పంపదట. అందుకని ఆగి, రోజులు గడవనిచ్చి, మళ్ళీ రాసేదాన్ని. వచ్చేది. అదే మాట, అవే అక్షరాలు. తొందరపడమాకండి, నేనుండా గదా. యంత్రం పంపుతోందని తెలుసు. తెలిసి చేసే పిచ్చికి మందు లేదు. మా ఆయన రెండు మూడుసార్లు చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు. అడిగి ఉంటే కరిచేసేదాన్ని.

ఈలోపు కాగితాల పని నడుస్తూనే ఉంది. సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్క ఊరి ఫోల్డరునూ ఇక్కడికి కాపీ చేసి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసి, అప్పుడు పైన తుడిచేసేదాన్ని. తొందరపడితే రెండు చోట్లా పోతాయి. ఫోన్ చేసినవాళ్ళ కాగితాలు వాళ్ళవాళ్ళ వాట్సాప్‌లకి పంపేదాన్ని. అలా వరికుంటపాడు ఫోల్డరు దగ్గరికి వచ్చినప్పుడు, కొత్తగా వచ్చిన మెయిళ్ళలో ఒకటి చూశాను. దాన్ని రాసింది గొర్రెలాయన కూతురు. అంటే అక్క పెట్టిన పేరు అది. ఆ అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగులో చేరడానికి తిరుగుతోంది. అక్క నేర్పించి సొంత ఐడీ చేయించిన కొద్దిమందిలో ఒకతె. కాలేజీలో ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు అడుగుతున్నారని, స్కాన్లు నీ దగ్గరే ఉన్నాయి కదా, పంపమని, ఫోన్ పోయి నీ నంబరు కూడా లేదని రాసింది. అసలు కాగితాలు ఇంట్లో ఉన్నాయట. వాళ్ళ నాయన మందను తోలుకుని జలదంకి వైపు వెళ్ళాడట, అక్కడ కోతలైన మళ్ళలో మంద కట్టి ఉన్నాడు, ఇంటికి తాళం. రేపు వస్తానన్నావు కదా అక్కా, ఏమైంది, వచ్చాక పంపు, నేను కాలేజీలో అడిగి గడువు తీసుకున్నాను అని కింద ఇంకో మెయిల్. దాని కింద ఇంకోటి.

ఈ పిల్లకి తెలియదు. వాళ్ళ నాయన మంద వెంట ఉన్నాడు, పిల్ల నెల్లూరులో ఉంది, చెప్పేవాళ్ళెవరు? పాపం అక్క ఇచ్చే జవాబు చూసుకుని, గడువు మీద గడువు అడుగుతూ కూర్చుంది. వేరే ఎవరైనా రేపు అని ఊరుకుంటే ఈపాటికి తిట్టిపోసి, తానే ఊరికి వచ్చి తాళం పగలగొట్టి తీసుకుని ఉండేది. చెప్పింది అక్క కాబట్టి కాచుకుంది. గబగబా ఫోల్డరులో వెతికితే రెండు సర్టిఫికెట్లూ ఉన్నాయి. ముందు పంపేయాలి, మిగతా మాటలు తర్వాత అనుకుని, ఆ మెయిల్‌కే జవాబు నొక్కి, రెండూ జతచేసి, ఒక్క మాట కూడా రాయకుండా పంపేశాను. ఏ అకౌంటు నుంచి పంపుతున్నానో, దాని మీద ఎవరి పేరు ఉందో ఆ కంగారులో గుర్తే లేదు.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల జవాబు వచ్చి ఉంది. సీటు ఖాయం చేశారట. అక్కా వచ్చేసినావా అని మొదలుపెట్టింది. నువ్వు ఆస్పత్రికి పోయినావని ఎవరో అంటే భయపడినాను, నీ మెయిల్ చూసినాక ప్రాణం లేచొచ్చింది, డాక్టరు ఏమన్నాడు, వేళకి తిను, నువ్వు చెప్తే వినవు గదా. చివర్లో, నేను నర్సునైనాక నీకు సూది నేనే వేస్తా, అప్పుడు ఏడిస్తే ఒప్పుకోను అని.

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాకు నేనుగా ఏడవడం వేరు. ఈ పిల్ల సంతోషంగా ఉంది, దాన్ని చూసి తట్టుకోవడం నావల్ల కాలేదు. అమ్మ చాప మీద నుంచి లేచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఏమైందని అడిగింది. అప్పటిదాకా అమ్మకి ఆ జవాబు సంగతే చెప్పలేదు నేను. దాచుకున్నాను, నాకొక్కదానికే ఉండాలని. ఇక దాచలేక అంతా చెప్పాను. అక్క నెల్లూరు వెళుతూ పెట్టిన మాట అది, ఎవరు రాసినా ఇప్పటికీ వెళుతోంది, ఆపాలి, ఆపలేకపోతున్నాను అని.

చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని తెర వైపు చూసింది. ఆమెకి ఆ అక్షరాల్లో ఒక్కటీ తెలియదు, అయినా వేలు పెట్టి మెల్లగా ఆ వరస మీద నడిపింది, చివరిదాకా.

"ఆపెయ్ మే. బతికినన్నాళ్ళూ దాన్ని కూసోనిచ్చినారా ఎవురన్నా? చచ్చినాక గూడా దాని చేత షాపు తీయిస్తా ఉండావు నువ్వు. పడుకోనీ."

కోపంగా అనలేదు. జ్వరమొచ్చిన పిల్లని లేపొద్దని చెప్పినట్టు, గొంతు తగ్గించి చెప్పింది. చెప్పి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

సెట్టింగు పేజీ తెరిచాను. ఊరికే ఆపేస్తే సరిపోదు, ఇంకా ఎంతమంది రాస్తారో, వాళ్ళకి ఏదో ఒక మాట వెళ్ళాలి. అక్క మాటలు తుడిచి కొత్తవి రాయాలి. తుడవబోయే ముందు వాటిని కాపీ చేసి నా దగ్గర దాచుకున్నాను, ఆ మాత్రం నన్ను ఎవరూ తప్పు పట్టరనుకుంటాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. ఏం రాసినా అక్క చెప్పినట్టే వెళుతుంది. మా అక్క చనిపోయింది అని రాశాను. అక్క పేరు మీద ఆ మాట వెళితే, ఈమెకి ఇంకో అక్క ఎవరబ్బా అనుకుంటారు. తుడిచేశాను. పోయింది అని రాస్తే ఎక్కడికి పోయింది అని అడిగేలా ఉంది. కాలం చేసింది అంటే ఎవరో పెద్ద ముసలామె గురించి చెప్పినట్టుంది. మా అక్కకి ఆ మాట నప్పదు. రాయడం, తుడవడం, అన్నం చల్లారిపోయేదాకా అదే. చివరికి ఇలా రాశాను. ఈ షాపు నడిపిన అక్క ఇక లేదు. మీ కాగితాలు భద్రంగా ఉన్నాయి. నేను ఆమె చెల్లెల్ని, ఆత్మకూరులో ఉంటాను. కింద నా ఫోన్ నంబరు. సేవ్ నొక్కాను. మెయిల్ ప్రోగ్రాములోకి వచ్చి, మీ పేరు అనే గడిలో అక్క పేరు తీసేసి నా పేరు పెట్టాను. ఎడమ పక్కన రెండు చోట్లా నేనే కనపడ్డాను.

ఆ పిల్లకి విడిగా రాశాను. నేను ఎవరో చెప్పి, జరిగింది చెప్పి, సర్టిఫికెట్లు పంపింది నేనని చెప్పి, అక్క ఉంటే నీ సీటు సంగతి విని షాపంతా అరిచి చెప్పేదని రాసి, కింద నా ఫోన్ నంబరు పెట్టాను. పంపాక అక్కడే కూర్చున్నాను. జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా నా ఫోన్ మోగింది. ఆ పిల్ల. అలో అంది. ఏడుస్తోందని ఊపిరిని బట్టి తెలుస్తోంది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడవనిచ్చాను. ఏడుపు ఆపుకుని అడిగింది.

"నాకు రేపొస్తానని రాసిందే అక్కా. ఆమె ఎప్పుడూ మాట తప్పలేదు."

"రాసింది మే," అన్నాను. "రావాలనే రాసింది."